స్పానిష్ వారికి ఇంగ్లీషు పదాలు నేర్పుట: కొన్ని పద్ధతుల విమర్శ

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవారు 4 కోట్లకు పైగా ఉన్నారు. వీరందరికీ ఇంగ్లీషు రాదని కాదు. చాలామందికి బాగుగనే వచ్చును. కాని పెద్దవయస్సులో మెక్సికో నుండో, క్యూబా నుండో, మధ్య అమెరికా దేశాల నుండో వచ్చి, పగలంతా కూలినాలి చేసుకొని, సాయంకాలం బడికి పోయి ఇంగ్లీషు నేర్చుకొనేవారు కూడ వీరిలో చాలామంది ఉన్నారు. వీరికోసం వెలువడే వాచకాలకు, బొమ్మల పుస్తకాలకు, చీటీల కట్టలకు, నేటి చేతిఫోను పాఠాలకు అంతులేదు. ఇన్ని వారాలలో ఇన్ని వందల మాటలు వచ్చునని ప్రతి ఒక్కటీ వాగ్దానం చేస్తున్నది. ఆ వాగ్దానాల వెనుకనున్న పద్ధతులను పరీక్షించుటయే ఈ వ్యాసం ఉద్దేశం. విజ్ఞానశాస్త్రం బోధించేవానికి ఇందులో పనియేమని పాఠకులు అడుగవచ్చు. ఒక పద్ధతి మరొకదానికంటె మంచిదని చెప్పుట అంటే కొలిచి చూపుటయే గదా! ఏమి కొలిచినారు, ఎవరిపై కొలిచినారు, ఎన్నాళ్ళ తరువాత కొలిచినారు అన్న ప్రశ్నలు ప్రయోగశాలలో ఎంత అవసరమో ఇక్కడ కూడ అంతే అవసరం.

మొదట పదాల ఎంపికను చూతము. ఏ మాటలు ముందు నేర్పవలెను? ఎక్కువగా వాడుకలో ఉన్నవి ముందు అన్నది అందరికీ తోచే సమాధానం. దీనిని శ్రద్ధతో సాధించినవారిలో మైకేల్ వెస్ట్ ముఖ్యుడు. ఆయన అవిభక్త భారతదేశంలోని ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధ్యక్షుడుగా పనిచేసినారు. బెంగాలీ బాలురు ఇంగ్లీషు వాచకం చదువలేకపోవుటకు వారి తెలివి తక్కువ కాదనీ, వాచకంలో అరుదైన మాటలు కుప్పగా పోసి ఉండుటయే కారణమనీ ఆయన గుర్తించినారు. 1953లో ఆయన ప్రచురించిన పట్టికలో సుమారు 2,000 ముఖ్య పదాలు ఉన్నవి. సామాన్యమైన ఇంగ్లీషు రచనలో నూటికి దాదాపు 80 మాటలు ఇట్టి రెండువేల పదాలలోనివే అయి ఉంటవి. ఇది గొప్ప సేవ అనుటకు సందేహం లేదు.

అయితే ఈ పట్టికలో ఒక లోపం దాగి ఉన్నది. పట్టిక పదానికి ఉన్న వాడుకను కొలుస్తున్నది గాని కష్టాన్ని కొలుచుట లేదు. కష్టం అన్నది ఇంగ్లీషు మాటలో ఉండే గుణం కాదు. అది ఆ మాటకూ, నేర్చుకొనేవాని మాతృభాషకూ మధ్యనుండే దూరం. 'యానిమల్', 'హాస్పిటల్' అన్న మాటలు బెంగాలీ బాలునికి కొత్త. స్పానిష్ మాట్లాడే కూలివానికి కాగితంపై అవి కొత్తవే కావు. అతని భాషలోను అవే అక్షరాలు, అదే అర్థం. పట్టికలో మొట్టమొదటి వరుసలలో ఉండే 'గెట్' అనే చిన్న మాట మాత్రం అతనిని ఏండ్ల తరబడి ఏడిపిస్తుంది.

ఇట్లెందుకు జరిగినదో తెలియుటకు చరిత్ర కొంచెం చూడవలెను. ఇంగ్లీషు పుట్టుకచేత జర్మానిక్ భాష. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి మాటలు వేలకొలది వచ్చి చేరినవి. ఆపైన పండితులు లాటిను నుండి నేరుగా మరికొన్ని వేలు తెచ్చుకొన్నారు. స్పానిష్ లాటినుకు బిడ్డ. కనుక ఇంగ్లీషు నిఘంటువులో సగానికి పైగా మాటలకు స్పానిష్‌తో ఏదో చుట్టరికం ఉన్నది. భాషాశాస్త్రజ్ఞులు వీటిని జ్ఞాతిపదాలు అంటారు. మనం చుట్టపు మాటలు అందాము. ఈ చుట్టరికానికి కొన్ని సూత్రాలు కూడ ఉన్నవి. ఇంగ్లీషులో 'నేషన్' అయినది స్పానిష్‌లో 'నాసియోన్'. 'యూనివర్సిటీ' అక్కడ 'ఉనివెర్సిదాద్'. ఒక్క ప్రత్యయపు సూత్రం చెప్పినచో వందల మాటలు ఒకే పాఠంలో చేతికి వస్తవి. ఉపాధ్యాయునికి ఇంతటి లాభసాటి బేరం మరొకటి లేదు. అయినను, అంకెల ప్రకారమే పోయే వాచకాలు దీనిని తాకనైనా తాకకుండ పోవుచున్నవి.

కాని లాభం ఉన్నచోట చిక్కు కూడ ఉన్నది. ఇంగ్లీషులో లాటిను మాటలు గ్రంథాలలోనివి, కచేరీలలోనివి. ఇంటిలోను, పనిలోను నడిచేవి జర్మానిక్ మాటలు. స్పానిష్ వానికి 'టాలరేట్' సులభం, అతని భాషలో 'తోలెరార్' ఉన్నది గనుక. అతని యజమాని మాత్రం ఆ మాట అనడు. 'పుట్ అప్ విత్' అంటాడు. 'పోస్ట్‌పోన్' తెలిసినవానికి 'పుట్ ఆఫ్' తెలియదు. 'డిస్కవర్' తెలిసినవానికి 'ఫైండ్ అవుట్' తెలియదు. 'పుట్' తెలిసి, 'అప్' తెలిసి, 'విత్' తెలిసినా మూడూ కలిసినప్పుడు సహించుట అనే అర్థం ఎక్కడనుండి వచ్చినదో అతనికి అంతుబట్టదు. మన దేశానికి వచ్చిన విదేశీయుడు సంస్కృతపదాల సాయంతో తెలుగు నేర్చి, సంతలో కూరలమ్మే ఆమెను 'శాకముల మూల్యమెంత' అని అడిగినట్లుండును అతని ఇంగ్లీషు. అర్థం కాకపోదు, కాని ఆమె చెప్పే బదులు అతనికి అర్థం కాదు. అందుచేత చుట్టపు మాటలతోనే ఇల్లు కట్టే పద్ధతి, కేవలం వాడుక లెక్కలతో కట్టే పద్ధతివలెనే సగం పద్ధతి.

చుట్టపు మాటలలో దొంగ చుట్టాలు కూడ ఉన్నవి. మనకు ఇది సుపరిచితమే. తెలుగు బాలుడు హిందీ పాఠంలో 'శిక్షా' అన్న మాట చూచి దండన అనుకొంటాడు. అక్కడ అది చదువు. 'అవసర్' అంటే అక్కరకాదు, అవకాశం. 'ఉపన్యాస్' అంటే ప్రసంగం కాదు, నవల. స్పానిష్‌కూ ఇంగ్లీషుకూ మధ్య ఇట్టివి దండిగా ఉన్నవి. 'లిబ్రెరియా' అంటే పుస్తకాల అంగడి, 'లైబ్రరీ' కాదు. 'కార్పెతా' కాగితాలు పెట్టుకొనే అట్ట; 'కార్పెట్' కాదు. 'ఎక్సితో' విజయం, ఇంగ్లీషు 'ఎగ్జిట్' బయటికి పోయే దారి. 'ఎంబరసాదా' అన్నది గర్భవతికి చెప్పే మాట; సిగ్గుపడితినని ఇంగ్లీషులో చెప్పేందుకు వాడే 'ఎంబరస్డ్'ను దానితో కలిపి పొరబడినవారి కథలు ప్రతి తరగతిలోను నవ్వు పుట్టిస్తవి.

అన్నీ నవ్వుతో పోయేవి కావు. 1980లో ఫ్లోరిడాలో 18 ఏండ్ల యువకుని ఒకనిని స్పృహలేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చినారు. క్యూబా నుండి వచ్చిన ఆ కుటుంబం 'ఇంతోక్సికాదో' అన్న మాట వాడినది. తిన్నదేదో ఒంటికి పడలేదని వారి భావం. వైద్యులకు అది ఇంగ్లీషు 'ఇంటాక్సికేటెడ్'గా, అనగా మత్తుపదార్థాలు మోతాదు మించి తీసికొన్నట్లుగా తోచినది. ఆ దారిలోనే చికిత్స జరిగినది. నిజానికి మెదడులో రక్తం కారుచుండెను. అది తెలియుసరికి కాలం మించిపోయి, అతనికి కాళ్ళు చేతులు పడిపోయినవి. నష్టపరిహారం సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లకు కుదిరినది. ఇక్కడ పొరపాటు ఒక్క వైపునుండే జరుగలేదన్నది గమనింపవలెను. ఇరుపక్షాలకు ఆ మాట తెలిసినదే అనిపించుటచేత దుబాసీని పిలువవలెనన్న ఆలోచనయే ఎవరికీ రాలేదు. తెలియని మాట మనిషిని ఆపి అడిగిస్తుంది. తెలిసినట్లుండే మాట అడుగనీయదు. ఇంతకంటె చిన్నదైన మరొక ఉదాహరణ. మందుసీసాపై ఇంగ్లీషులో 'ఒక్కసారి' అని చెప్పే 'వన్స్' అన్న మాటను అక్షరాలా స్పానిష్‌లో చదివితే 'ఓన్సె', అనగా పదకొండు! మందుచీటీలపై ఈ మాట తెచ్చిపెట్టగల ప్రమాదాన్ని గూర్చి వైద్యులు హెచ్చరించినారు.

ఈ విషయాన్ని మొదట క్రమంగా చర్చించినవారిలో రాబర్ట్ లాడో పేరు చెప్పుకోవలెను. ఆయన 1915లో ఫ్లోరిడాలో స్పెయిను దేశీయులైన తల్లిదండ్రులకు పుట్టి, స్పెయినులో పెరిగి, యౌవనంలో అమెరికాకు తిరిగివచ్చి ఇంగ్లీషు నేర్చుకొన్నవాడు. తరువాత మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఛార్లెస్ ఫ్రీస్ 1941లో స్థాపించిన ఇంగ్లీషు భాషాసంస్థలో పనిచేసినారు; లాటిన్ అమెరికా విద్యార్థులకు ఇంగ్లీషు నేర్పుట ఆ సంస్థ మొదటి పని. 1957లో లాడో ప్రచురించిన 'లింగ్విస్టిక్స్ ఎక్రాస్ కల్చర్స్' అనే చిన్న గ్రంథంలో రెండు భాషల పదజాలాలను పోల్చే విధానానికి ఒక ప్రకరణం ఉన్నది. రూపం, అర్థం రెండూ కలిసినవి, రూపం కలిసి అర్థం కలియనివి, ఒక భాషలో ఒక్క మాటైనది రెండవ భాషలో పదబంధమైనవి, అర్థం ఒక్కటైనా ధ్వనించే భావం వేరైనవి, ఇత్యాదిగా ఏడు తెగలను ఆయన చూపినారు. స్పానిష్‌లో 'గోర్దో' అన్నది లావుపాటివాడని చెప్పినా ముద్దుపేరుగా చెల్లుతుంది. ఇంగ్లీషులో 'ఫ్యాట్' అంటే ఎదుటివాని ముఖం మాడుతుంది. తానే కష్టపడి నేర్చినవాని చూపు ఆ ప్రకరణంలో అంతటా కనిపిస్తుంది. నేను చదివినంతలో ఈ విషయంపై ఇంతకంటె ఉపయోగకరమైన కొద్ది పుటలు మరి లేవు.

అయినను రెండు లోపాలు చెప్పక తప్పదు. ఒకటి, ఈ వర్గీకరణ ఊహ మాత్రమే. ఏ తెగ మాటలు ఎంతకాలంలో వచ్చుచున్నవో, ఎంతకాలం నిలుచుచున్నవో లాడో కొలిచి చూపలేదు. పోలిక ఉన్నచోట సులభం, లేనిచోట కష్టం అన్న సూత్రాన్ని తరువాతివారు విద్యార్థుల నిజమైన తప్పులతో సరిచూడగా, చెప్పినచోట తప్పులు రాకపోవుటయు, చెప్పనిచోట వచ్చుటయు కూడ కనబడినది. రెండవది ఆచరణకు సంబంధించినది. ఫ్రీస్ మతం ప్రకారం మొదటి దశలో వాక్యనిర్మాణం ముఖ్యం, మాటలు కొద్దిగా చాలును. విశ్వవిద్యాలయంలో చేరబోయే యువకునికి ఇది సరిపోవచ్చు. రేపు ఉదయం యంత్రంపై వ్రాసిన హెచ్చరిక చదువవలసినవాడు మాటలకోసం మూడు నెలలు ఆగలేడు.

మాతృభాషను తరగతిలో అడుగుపెట్టనీయక, వస్తువులను, బొమ్మలను చూపి నేర్పే ప్రత్యక్ష పద్ధతిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆపిల్ పండుకు, కుర్చీకి బొమ్మ చాలును. పుస్తకాలు నిండిన గది బొమ్మ చూచి పెద్దవాడు మనస్సులో 'లిబ్రెరియా' అనుకొంటే ఆ బొమ్మ అతనిని దిద్దలేదు. నోటితో స్పానిష్ రానీయకపోవచ్చును గాని తలలో రాకుండ ఆపే ఉపాయం ఏ పద్ధతికీ లేదు.

ఇక జ్ఞాపకశక్తి ప్రయోగాలకు వత్తము. ప్రచారంలో పెద్దపేరు పొందినది ఆనవాలు మాట పద్ధతి. దీనిని 1975లో అట్కిన్‌సన్, రా అనువారు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరీక్షించినారు. కొత్త మాట ధ్వనికి దగ్గరగా ఉండే మాతృభాషా పదం ఒకటి పట్టుకొని, దానిని అర్థంతో ముడిపెట్టి ఒక వింత చిత్రాన్ని ఊహించుకొనుట ఇందులోని కిటుకు. స్పానిష్‌లో 'పాతో' అంటే బాతు. ఇంగ్లీషువాడు 'పాట్' అనగా కుండను తలచుకొని, నెత్తిన కుండ పెట్టుకొన్న బాతును ఊహించుకొంటాడు. రష్యన్ మాటలు 120 మూడు రోజులలో నేర్పి చూడగా, ఈ పద్ధతివారు నూటికి 72, మామూలుగా చదివినవారు 46 చెప్పగలిగినారు. ఆరు వారాల తరువాత ఆ సంఖ్యలు 43, 28.

సంఖ్యలు ఆకర్షణీయంగానే ఉన్నవి. కాని మన మూడు ప్రశ్నలు అడుగుదాము. ఎవరిపై కొలిచినారు? చదువులో ఆరితేరిన ఇంగ్లీషు విద్యార్థులపై. రష్యన్‌తోబాటు స్పానిష్ మాటలతోను అదే సంవత్సరం ప్రయోగం జరిగినది. అదికూడ ఇంగ్లీషువారు స్పానిష్ నేర్చుకొనుటయే, స్పానిష్‌వారు ఇంగ్లీషు నేర్చుకొనుట కాదు. దారి ఒక్కటే గదా అంటే కుదరదు. ఎక్కుటకూ దిగుటకూ ఒకే బలం చాలదు. ఏమి కొలిచినారు? కొత్త మాట విని దాని అర్థం చెప్పుట. అర్థం తలచుకొని మాటను పలుకుట వేరే పని. బాతును చూచి 'పాట్' జ్ఞాపకం వచ్చినా 'పాతో' రాకపోవచ్చు. ఎన్నాళ్ళకు కొలిచినారు? ఆరు వారాలకు కొలిచినమాట నిజమే గాని, పరీక్షకు వచ్చినవారు అంతకుముందు అవే మాటలపై పరీక్షలు వ్రాసినవారే. పరీక్ష వ్రాయుటయే జ్ఞాపకాన్ని గట్టిపరచును. 1992లో వాంగ్, థామస్, ఉలెట్ అనువారు నడుమ పరీక్ష లేకుండ కొంతకాలం తరువాత చూచినప్పుడు ఆనవాలు మాటతో నేర్చినవే ఎక్కువ వేగంగా మరుపునకు వచ్చినవి.

అయినను ఈ పద్ధతిని త్రోసివేయరాదు. స్పానిష్‌వారికి ఇందులో ఒక ప్రత్యేక లాభం ఉన్నదని నా అభిప్రాయం. దొంగ చుట్టాలను ఆనవాలు మాటలుగా వాడుకొనవచ్చు. స్పానిష్ 'రోపా' అంటే బట్టలు, ఇంగ్లీషు 'రోప్' అంటే తాడు. తాటిపై ఆరవేసిన బట్టలను ఊహించుకొన్నవాడు ఇక ఆ రెంటినీ కలుపడు. 'సోపా' అంటే చారు, 'సోప్' అంటే సబ్బు. చారుతో ఒళ్ళు రుద్దుకొనేవాని చిత్రం ఎవరు మరువగలరు? పొరపాటు పుట్టించే పోలికను ఎదురుగా నిలిపి చూపుట వలన అది కాపలాదారు అగును. కాని 'గెట్'కు, 'హౌఎవర్'కు ఇట్టి బొమ్మ ఉండదు. కష్టమైన మాటలన్నీ ఆ తెగవే.

దీర్ఘకాలపు ప్రయోగాలలో నాకు బాగా నచ్చినవి హ్యారీ బారిక్ చేసినవి. ఆయన, ఫెల్ప్స్ అనునామె కలిసి 1987లో ప్రకటించిన పరిశీలనలో 50 స్పానిష్, ఇంగ్లీషు పదాల జంటలను కొందరికి ఒకే రోజున మరల మరల, కొందరికి రోజుకొకసారి, కొందరికి 30 రోజులకు ఒకసారి వల్లెవేయించినారు. ఎనిమిదేండ్ల తరువాత పిలిచి అడుగగా మొదటివారు నూటికి 6, రెండవవారు 8, మూడవవారు 15 చెప్పినారు. సంఖ్య చిన్నదని చప్పరించవద్దు. ఎనిమిదేండ్ల తరువాత అన్నది చూడుడు. 1993లో బారిక్, ఆయన కుటుంబసభ్యులు ముగ్గురు తమమీదనే చేసికొన్న ప్రయోగం ఇంకను విలువైనది. 56 రోజుల ఎడంతో 13 సార్లు చదివినదీ, 14 రోజుల ఎడంతో 26 సార్లు చదివినదీ దాదాపు ఒకే ఫలితాన్నిచ్చినవి. అనగా శ్రమ సగం! వారానికి రెండు సాయంకాలాలు మాత్రమే దొరికే కూలివానికి ఇంతకంటె ఏమి కావలెను? అయితే వాచకాలను చూడుడు. మొదటి పాఠంలో పదాలు మొదటి పాఠంతోనే సమాధి. వంటింటి మాటలు అయిపోగానే వంటిల్లు మరల కనబడదు.

వంటింటి మాటలన్నీ ఒకే పుటలో గుచ్చుట కూడ ప్రశ్నింపదగినదే. చెంచా, గరిటె, గిన్నె, పళ్ళెం ఒకేసారి నేర్పితే చక్కగా ఉంటుందని తోచును. కాని 1993లో టింకమ్, 1997లో వేరింగ్ జరిపిన ప్రయోగాలలో ఒకే జాతి మాటలను కలిపి నేర్చినవారికి, సంబంధంలేని మాటలు నేర్చినవారికంటె ఎక్కువ కాలం పట్టినది. ఒకదానిమీద ఒకటి పడి తారుమారగును. ఇవి కల్పించిన మాటలతో చేసిన ప్రయోగాలు గనుక తరగతికి యథాతథంగా అన్వయించుట తొందరపాటే. అయినను వాచకకర్తలు వీటికి సమాధానం చెప్పవలసి ఉన్నది.

తిరిగి చదువుట కంటె, జ్ఞాపకం చేసికొని చెప్పుట మేలని కార్పికె, రోడిగర్ 2008లో చూపినారు. 40 స్వాహిలీ మాటలను ఒకసారి సరిగా చెప్పిన తరువాత కూడ వాటిపై పరీక్ష కొనసాగించినవారు వారం తరువాత నూటికి సుమారు 80 చెప్పినారు. పరీక్ష మానివేసి చదువుట మాత్రం కొనసాగించినవారు అందులో సగమైనా చెప్పలేదు. చీటీకి ఒక వైపు ఇంగ్లీషు, మరొక వైపు స్పానిష్ వ్రాసుకొని త్రిప్పి చూచుకొనే పాత అలవాటుకు ఇది మంచి సమర్థన.

ఇంతవరకు చెప్పిన ప్రయోగాలలో చాలవాటికి ఒక సామాన్యమైన కొరత ఉన్నది. తరగతిలోను చీటీలలోను కంటితో చూచి నేర్చిన మాట, వీధిలో చెవితో విన్నప్పుడు ఆనవాలు పట్టవలెను. స్పానిష్‌కు అచ్చులు 5. ఇంగ్లీషుకు వాటికి రెండింతలకంటె ఎక్కువ. 'షిప్', 'షీప్' మనకు హ్రస్వ దీర్ఘాల భేదంగా తోచును. స్పానిష్ చెవికి రెండూ ఒకటే. కాగితంపై ఏ కష్టమూ లేని 'హాస్పిటల్' అతని నోట 'ఓస్పితాల్'; వారి భాషలో ఆ మొదటి అక్షరం పలుకదు. 'ఐడియా' వారికి 'ఇదేఆ', 'యూరప్' వారికి 'ఎయురోపా'. సకారంతో మరొక హల్లు కలిసి మాట మొదలగుట వారికి సరిపడదు గనుక 'స్టూడెంట్' అన్నది 'ఎస్టూడెంట్' అగును. మన పల్లెలలో 'ఇస్కూలు' అన్నట్లే. కంటికి చుట్టమై చెవికి పరాయియైన మాటను తెలిసినదిగా లెక్కించుట పద్దు వ్రాయుటలోనే తప్పు. చుట్టపు మాటలు వందలకొలది ఉచితంగా వచ్చునని చెప్పే పుస్తకాలు ఈ పద్దును దాచిపెట్టుచున్నవి.

కావలసిన పరీక్ష కష్టమైనదేమీ కాదు. లాడో తెగలనుండి ఏరిన 40 మాటలు: 10 నిజమైన చుట్టాలు, 10 దొంగ చుట్టాలు, 10 చుట్టరికం లేనివి, 10 'పుట్ ఆఫ్' వంటి బంధాలు. తరగతిలో సగంమందికి ఒకే వారంలో, సగంమందికి నెల ఎడంతో వల్లెవేయింపవలెను. నడుమ పరీక్ష పెట్టక, చివరి పాఠం జరిగిన రెండు నెలలకు, కాగితంపై కాక చెవికి వినిపించి అడుగవలెను. ఏ తెగలో ఎన్ని పోయినవో వేరువేరుగా లెక్కింపవలెను. మన ఉన్నత పాఠశాలలలో హిందీ బోధించేవారు 'శిక్షా', 'అవసర్', 'ఉపన్యాస్' వంటి మాటలతో దీనినే చేసి చూడవచ్చు. అందుకు తరగతిని రెండుగా విడదీయునప్పుడు ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు రెండు భాగాలలోను సమానంగా ఉండునట్లు చూచుకొనవలెను.